పట్టూ విడుపూ తెలిసిన గుండు



ఈ పూట గేర్ల గురించి మాట్లాడుకుందాం. కానీ ముందు ఒక గొడుగును గుర్తు తెచ్చుకోండి. ఇప్పటి మడత గొడుగు కాదు, తాతలనాటి నల్ల గొడుగు. వంకీ పిడి, నడుమ ఇనుప గొట్టం. గొట్టం మీద ఉంగరంలాంటి ముక్కను పట్టుకుని పైకి తోస్తాం. టప్‌మని చప్పుడవుతుంది. గొడుగు తెరుచుకుని అక్కడే నిలిచిపోతుంది. ఎందుకు నిలిచింది? గొట్టం లోపల దాక్కున్న చిన్న రేకు నాలుక బయటికి పొడుచుకొచ్చి, ఉంగరం కిందికి జారకుండా అడ్డుపడింది. గొడుగు మూయాలంటే ఆ నాలుకను వేలితో లోపలికి నొక్కుతాం. ఉంగరం జారి కిందికి వచ్చేస్తుంది.

ఆ నాలుకను మనసులో ఉంచుకోండి. గొట్టం లోపలినుంచి బయటికి రావడం, పట్టుకోవడం, మళ్లీ లోపలికి పోవడం. నేను ఇంట్లో తయారుచేసిన గేర్‌బాక్సు మొత్తం ఈ మూడు పనుల మీదే నడుస్తుంది. గొడుగులో ఆ పని చేసేది రేకు నాలుక. నా గేర్‌బాక్సులో ఆ పని ఉక్కు గుండ్లు చేస్తాయి. సైకిల్ షాపులో బాల్స్ అని అడిగితే కాగితంలో పొట్లం కట్టి ఇస్తారు చూడండి, ఆ గుండ్లే.

అసలు గేర్లెందుకు? ఇంజిను తన వేగంలో తాను తిరుగుతుంది. మనకు ఒకసారి బలం ఎక్కువ కావాలి, ఇంకోసారి వేగం ఎక్కువ కావాలి. చిన్న గేరు పెద్ద గేరును తిప్పితే వేగం తగ్గి బలం పెరుగుతుంది. రెండూ సమానమైతే వేగం అలాగే ఉంటుంది. ఇంతవరకు అందరికీ తెలిసిందే. చిక్కంతా ఒక గేరునుంచి ఇంకో గేరుకు మారడంలో ఉంది. తిరుగుతున్న పళ్లను విడదీసి, తిరుగుతున్న వేరే పళ్లలో దూర్చాలంటే పళ్లు విరుగుతాయి. అందుకని తెలివైనవాళ్లు ఒక ఉపాయం చేశారు. గేర్లను విడదీయనే విడదీయరు. అన్ని జతలూ ఎప్పుడూ ఒకదానితో ఒకటి కలిసే తిరుగుతుంటాయి. ఇంజిను తిప్పే మొదటి షాఫ్టు మీది గేర్లు దానికి బిగించి ఉంటాయి. రెండో షాఫ్టు మీది గేర్లు మాత్రం వదులుగా, గాజుల్లా తిరుగుతుంటాయి. వాటిలో ఏ గేరును షాఫ్టుకు కట్టేస్తే ఆ గేరు పనిచేస్తుంది. మిగతావి ఊరికే తిరుగుతుంటాయి.

మళ్లీ చెబుతాను. గేర్లన్నీ ఎప్పుడూ కలిసే ఉంటాయి. మనం మార్చేది గేరును కాదు, ఏ గేరును షాఫ్టుకు కట్టాలన్నదే మారుస్తాం.

ఆ కట్టడం ఎలా? మన రోడ్ల మీద దశాబ్దాలు తిరిగిన స్కూటర్లలో దానికి జవాబుంది. బజాజ్ చేతక్ గుర్తుందా? 1972లో వచ్చింది. ఎడమచేతి పిడి తిప్పితే గేరు పడేది. హైదరాబాదు దగ్గర ఆంధ్రప్రదేశ్ స్కూటర్స్ సంస్థ చేసిన వెస్పా పీఎల్ 170 కూడా ఆ వంశమే. ఈ స్కూటర్ల గేర్‌బాక్సు షాఫ్టు బోలుగా ఉంటుంది. దానికి పొడవునా చీలికలుంటాయి. ఆ చీలికల్లో నాలుగు చేతుల క్రాస్‌లాంటి ముక్క ఒకటి అటూ ఇటూ జరుగుతుంది. అది ఏ గేరు కిందికి చేరితే ఆ గేరు షాఫ్టుకు కట్టుబడుతుంది. ఆ క్రాస్ మూలలు అరిగితే ఏమయ్యేదో పాత స్కూటరు నడిపినవాళ్లందరికీ తెలుసు. ఎత్తు ఎక్కుతుంటే గేరు జారిపోయి, ఇంజిను ఒక్కసారిగా గోలపెట్టేది.

క్రాస్‌కు బదులు గుండ్లు వాడినవాళ్లూ ఉన్నారు. జపాన్‌లో హొడాకా అనే కంపెనీ చిన్న మోటారు సైకిళ్లు చేసేది. అమెరికాలోని ఆరిగన్ రాష్ట్రంలో అథీనా అనే చిన్న ఊరినుంచి వాటిని అమ్మేవారు. 1964లో ఏస్ 90 అనే బండి తెచ్చారు. అందులో గేరును షాఫ్టుకు కట్టేది ఉక్కు గుండ్లే. షాఫ్టు లోపల కడ్డీ జరుగుతుంది. గుండ్లు పైకి లేస్తాయి. గేరు పడుతుంది. బాడవలు, రాళ్లదారులు తొక్కే బండికి వాళ్లు గుండ్లను నమ్మారు. ఆ సంగతి తెలిశాకే నాకూ ధైర్యం వచ్చింది.

మా తమ్ముడు ఎకరన్నరలో కూరగాయలు పండిస్తాడు. వంగ, బెండ, టమాటా. వరసల మధ్య కలుపు తీసే చిన్న యంత్రం కావాలన్నాడు. నా దగ్గర ఒక హార్స్‌పవర్ పాత పెట్రోలు ఇంజిను ఉంది. గట్టి నేలలో నెమ్మదిగా, బలంగా నడవాలి. గుల్ల నేలలో చకచకా పోవాలి. ఒక మడినుంచి ఇంకో మడికి వెళ్లేటప్పుడు ఇంకా తొందరగా పోవాలి. అంటే 3 గేర్లు కావాలి. పెట్టె మాత్రం చిన్నదిగా ఉండాలి. గుండ్ల పద్ధతిలో గేర్ల మధ్య ఫోర్కులుండవు, జరిగే కప్లింగులుండవు. మార్చే కడ్డీ షాఫ్టు కడుపులోనే ఉంటుంది. అందుకే ఆ దారి ఎంచుకున్నాను.

పళ్ల లెక్క సులువు. రెండు షాఫ్టుల మధ్య దూరం మారదు కదా. కాబట్టి ఏ జత తీసుకున్నా పళ్ల మొత్తం ఒకటే రావాలి. నేను 60 అనుకున్నాను. మొదటి జత 20, 40. రెండో జత 25, 35. మూడో జత 30, 30. ఎలా కలిపినా 60. మొదటి గేరులో వేగం సగమవుతుంది, బలం రెట్టింపవుతుంది. మూడో గేరులో వచ్చిన వేగం వచ్చినట్టే పోతుంది. రెండోది నడుమన ఉంటుంది. లెక్క అంతే.

ఇక రెండో షాఫ్టు. దీని మందం 24 మిల్లీమీటర్లు. నడుమ 16 మిల్లీమీటర్ల రంధ్రం. ఇది విని లేత్ పనివాళ్లు అయ్యో అంటారు, మూడింట రెండు వంతులు బోలు చేసేస్తే బలమేముంటుందని. వెదురుబొంగు చూడండి. నడుమ ఏమీ లేకుండానే అంత బరువు మోస్తుంది. షాఫ్టును మెలితిప్పేటప్పుడు బరువు ఎక్కువగా పైపొర దగ్గరే పడుతుంది. నడిమధ్యన ఉన్న లోహం దాదాపు ఖాళీగా కూర్చుంటుంది. మూడింట రెండు వంతుల మందం తీసేసినా పోయేది అయిదో వంతు బలమే. అసలు భయం గుండ్ల కోసం అడ్డంగా వేసే బెజ్జాల దగ్గర. పగులు మొదలైతే అక్కడే మొదలవుతుంది. అందుకని ఆ బెజ్జాల అంచుల్ని చెయ్యి వేస్తే కోసుకోనంత నున్నగా చేయాలి.

ప్రతి గేరు కింద షాఫ్టుకు చుట్టూ 4 బెజ్జాలు. ప్రతి బెజ్జంలో ఒక గుండు. పావు అంగుళం గుండు, అంటే సైకిల్ వెనక చక్రం ఇరుసులో వేసేదే. షాఫ్టు కడుపులో కడ్డీ. ఆ కడ్డీ పొడవునా సన్నగా ఉండి, ఒక్కచోట మాత్రం ఉబ్బుగా ఉంటుంది, కొండచిలువ మేకను మింగినట్టు. ఆ ఉబ్బు ఏ వరస గుండ్ల కిందికి వస్తే ఆ వరస గుండ్లు బయటికి లేస్తాయి. ఆ గేరు లోపలి అంచున కోసిన గాళ్లలో దూరతాయి. గేరూ షాఫ్టూ ఒకటైపోతాయి. ఉబ్బు పక్కకు జరగగానే గుండ్లు దిగిపోతాయి. గేరు మళ్లీ గాజైపోతుంది.

ఇక్కడ కాసేపు ఆగాలి. ఈ పని మొత్తానికి ప్రాణం ఇక్కడే ఉంది. గుండు ఎంత బయటికి రావాలి?

ఎక్కువ వస్తే పట్టు గట్టిగా ఉంటుంది కదా అనిపిస్తుంది. నేనూ అలాగే అనుకున్నాను. సరిగ్గా సగం గుండు బయట, సగం లోపల ఉందనుకోండి. గేరు గోడ గుండు నడుమును నేరుగా నెడుతుంది. గట్టిగానే పట్టుకుంటుంది. కానీ దిగమంటే దిగదు. లోపలికి తోసేవాడెవడూ లేడు కదా. కడ్డీ పక్కకు జరిగినా గుండు అక్కడే ఇరుక్కుని ఉంటుంది. ఇంతలో ఇంకో వరస గుండ్లు లేస్తాయి. రెండు గేర్లు ఒకే షాఫ్టును రెండు వేర్వేరు వేగాలతో తిప్పబోతాయి. అప్పుడు షాఫ్టు బిగుసుకుపోతుంది, లేదా పళ్లు రాలిపోతాయి.

మరీ తక్కువ వస్తే? గేరు గోడ గుండు నెత్తిని మాత్రమే తాకుతుంది. దిగడం సులువే. కాని బరువు పడ్డప్పుడల్లా గుండును లోపలికి బలంగా తొక్కుతుంది. ఆ తొక్కుడంతా కడ్డీ ఉబ్బు మీద పడుతుంది.

చివరికి నేను కుదుర్చుకున్న కొలత ఇది. గుండులో మూడో వంతు బయట, రెండు వంతులు లోపల. మళ్లీ చెబుతున్నాను, మూడో వంతు బయట, రెండు వంతులు లోపల. అప్పుడు గేరు నెట్టే బలంలో దాదాపు మూడో వంతు గుండును లోపలికి తోస్తుంది. కింద ఉబ్బు ఉన్నంతసేపూ ఆ తోపును ఉబ్బు ఆపుతుంది. ఉబ్బు తప్పుకున్న క్షణం ఆ తోపే గుండును దించేస్తుంది. పట్టుకున్న బలంలోనే వదిలే బలం కూడా ఉందన్నమాట.

గేరు లోపలి గాడి గోడలు కూడా అందుకు తగ్గట్టే ఉండాలి. నిట్టనిలువు గోడలు పనికిరావు. అప్పుడు గుండు గోడను కాక అంచును తాకుతుంది. మట్టి మోసే తట్ట చూశారు కదా. అడుగు ఇరుకు, నోరు వెడల్పు. గాడి కూడా అలాగే, నోరు షాఫ్టు వైపు తెరిచి ఉండాలి. ఆ వాలు గోడకు గుండు ఆనుకుంటుంది. గొడుగు నాలుకనూ ఒకసారి తడిమి చూడండి. ఒక పక్క వాలుగా ఉంటుంది, ఇంకో పక్క నిలువుగా ఉంటుంది. వాలు పక్కనుంచి ఉంగరం దాన్ని తొక్కుకుంటూ వెళ్లిపోతుంది. నిలువు పక్కన ఆగిపోతుంది. గొడుగు చేసినవాడికి ఈ వాలు సంగతి బాగా తెలుసు.

ఎంత బరువు పడుతుందో చెబుతాను. మొదటి గేరులో, ఇంజిను పూర్తి బలంతో లాగుతున్నప్పుడు, షాఫ్టుకు మీటరు పొడవు కడ్డీ కట్టి దాని కొనకు 2.4 కిలోలు వేలాడదీసినంత మెలి పడుతుంది. రెండున్నర కిలోలే కదా అనిపిస్తుంది. కానీ గుండ్లున్నది మీటరు దూరంలో కాదు. షాఫ్టు నడుమనుంచి 12 మిల్లీమీటర్ల దూరంలో. అంత దగ్గరికి వచ్చేసరికి ఆ 2.4 కిలోలు 200 కిలోలవుతాయి. నలుగురు పంచుకుంటే ఒక్కొక్కరికి 50. ఒక్కో సైకిల్ గుండు నెత్తిన ఒక్కో సిమెంటు బస్తా.

నలుగురూ సమానంగా పంచుకుంటేనే సుమా! ఒక గాడి వెంట్రుకవాసి పక్కకు పోయినా, నాలుగు బస్తాలూ ఒక్క గుండు మీదే పడవచ్చు. అందుకే బెజ్జాలు వేసేటప్పుడు కంటితో చూసి గీత గీయడం కుదరదు. డివైడింగ్ హెడ్ మీద పెట్టి, సరిగ్గా పావు చుట్టు తిప్పి, ఒక్కొక్క బెజ్జం వేయించాను. ఆటోనగర్‌లో ఆ పని చేసిన పెద్దాయన ప్రతి బెజ్జం వేయబోయే ముందు డయల్ గేజ్ ముల్లును రెండుసార్లు చూసేవాడు. పన్నెండు బెజ్జాలకు ఒక పూటంతా పట్టింది. నేను తొందరపెట్టలేదు. ఆయన తొందరపడలేదు.

గాళ్లు కోయడంలో ఒక సులువు దొరికింది. గుండు కోసం గేరు లోపల గుండ్రటి గుంట తవ్వాలని మొదట అనుకున్నాను. లోపలి అంచున గుంట తవ్వడం మహాకష్టం. తర్వాత తట్టింది, గుండును అటూ ఇటూ పోనివ్వకుండా షాఫ్టు బెజ్జమే పట్టుకుంటుంది కదా, గుంటకు పక్క గోడలెందుకు? కీవే కోసినట్టు గేరు ఈ పక్కనుంచి ఆ పక్కదాకా గాడి కోస్తే చాలు. స్లాటింగ్ మిషన్ ఉన్న ఏ షాపులోనైనా ఆ పని అవుతుంది. టూలును తట్ట ఆకారంలో నూరించుకోవాలి, అంతే.

గాడి వెడల్పు గురించి కూడా చెప్పాలి. గుండుకు సరిగ్గా సరిపడేంత గాడి పెడితే, గేరు తిరుగుతుండగా గుండు అందులో పడే అవకాశమే రాదు. ఒకటో గేరునుంచి రెండో గేరుకు మారేటప్పుడు సెకనుకు ఎనిమిది తొమ్మిది గాళ్లు గుండు నెత్తిమీదుగా దాటిపోతాయి. గుండు లేవడానికి కాస్త సందు ఇవ్వాలి. అందుకని గాడిని గుండుకు సరిపడేదానికంటే 3 మిల్లీమీటర్లు ఎక్కువ వెడల్పు చేశాను. అప్పుడు గుండుకు సెకనులో సుమారు యాభయ్యో వంతు వ్యవధి దొరుకుతుంది. దానికి అంతే చాలు. గేరు పడినప్పుడు టక్‌మని చిన్న కుదుపు వస్తుంది. ఆ కుదుపును నేను ఒప్పుకున్నాను. కడ్డీని లివర్‌తో నేరుగా తోయకుండా నడుమ స్ప్రింగ్ పెట్టాను. లివర్ వేసి ఉంచితే చాలు, గాడి ఎదురుగా రాగానే స్ప్రింగే గుండ్లను లేపుతుంది.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. మొదటి పెట్టెలో గేర్లనూ కడ్డీనీ మామూలు మెత్తటి ఎంఎస్ ఉక్కుతోనే చేశాను. గుండ్లు మాత్రం గట్టివి, సైకిల్ గుండ్లు కదా. రెండు గంటలు బాగానే నడిచింది. మూడో గంటలో మొదటి గేరు ఎగిరిపడడం మొదలైంది. అచ్చం అరిగిన క్రాస్ ఉన్న పాత స్కూటరు లాగా. విప్పి చూశాను. గాడి గోడల మీద గుండు ముద్రలు పడి ఉన్నాయి, మెత్తటి పిండి మీద వేలు నొక్కినట్టు. జరిగింది ఇది. మెత్తటి గోడ నలిగింది. నలగడంతో వాలు పెరిగింది. వాలు పెరగడంతో గుండు మీద లోపలికి తోపు పెరిగింది. ఆ తోపుకు కడ్డీ ఉబ్బు మీదా సొట్టలు పడ్డాయి. ఒక్కచోట మెత్తదనం ఉంటే అది నాలుగుచోట్లకు పాకింది.

రెండోసారి గేర్లను పైపొర గట్టిపరిచే కేస్ హార్డెనింగ్‌కు పనికొచ్చే ఉక్కుతో కోయించి, హీట్ ట్రీట్‌మెంట్ షాపుకు పంపాను. కడ్డీని ఈఎన్ 31 ఉక్కుతో చేసి నేనే కాల్చాను. సాయంత్రం మసక వెలుతురులో, రంగు కనబడేలా. కడ్డీ పండుమిరప ఎరుపుకు వచ్చింది. తీగకు కట్టిన అయస్కాంతాన్ని దగ్గరికి తెచ్చాను. అంటుకోలేదు. ఉక్కు ఒక వేడి దాటాక అయస్కాంతాన్ని పట్టించుకోదు. ఇంకొంచెం కాల్చి, నూనెలో నిలువుగా ముంచాను. చల్లారాక ఆకురాయి పెట్టి రుద్దాను. ఆకురాయి గాజు మీద జారినట్టు జారిపోయింది. తర్వాత 200 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి పెళుసు తగ్గించాను.

కడ్డీ షాఫ్టుతోపాటు తిరుగుతుంది. లివర్ తిరగదు. రెండింటినీ కలిపే చోట చిన్న బేరింగు పెట్టడం మరచిపోకండి. లేకపోతే లివర్ వారంలో అరిగిపోతుంది. ఉబ్బు పొడవు కూడా కొలుచుకోవాలి. రెండు వరసలు ఒకేసారి ఎప్పుడూ లేవకూడదు. వరసకూ వరసకూ నడుమ ఉబ్బుకు విశ్రాంతి చోటు ఉండాలి. ఆ చోటునే మనం న్యూట్రల్ అంటాం.

పరీక్ష ఇంటి వెనక చేశాను. పెట్టెను బల్లకు బిగించి, మొదటి షాఫ్టు కదలకుండా చెక్కముక్క అడ్డుపెట్టాను. రెండో షాఫ్టుకు మీటరు కడ్డీ, దాని కొనకు ప్లాస్టిక్ బకెట్. మొదటి గేరు వేసి, చెంబుతో నీళ్లు పోస్తూ పోయాను. 2.4 కిలోలు దాటాయి. పోశాను. 5 కిలోలయ్యాయి. మోయాల్సిన దానికి రెట్టింపు. ఆ మీటరు కడ్డీ కదల్లేదు. అలాగే రాత్రంతా వదిలేశాను. పొద్దున్న చూస్తే బకెట్ అంతే ఎత్తులో ఉంది. బకెట్ తీసి లివర్ లాగాను. గుండ్లు టక్కున దిగిపోయాయి. బరువు మోసినందుకంటే, దిగినందుకు నాకు ఎక్కువ సంతోషమైంది.

ఒక హెచ్చరిక. బరువు లాగుతుండగా గేరు మార్చకండి. ఆ సమయంలో గుండ్లు ఉబ్బును గట్టిగా అదిమిపట్టి ఉంటాయి. కడ్డీ కష్టంగా కదులుతుంది, కదిలినా అంచులు గీసుకుపోతాయి. ముందు ఇంజినునుంచి పెట్టెకు వచ్చే బెల్టు వదులు చేయాలి, లేదా క్లచ్ నొక్కాలి. తర్వాత లివర్. స్కూటరుకైనా, దీనికైనా అదే వరస.

రెండో పెట్టె ఇప్పుడు రెండు సీజన్లు చూసింది. ఈ మధ్య విప్పాను. గాడి గోడల మీద గుండు తాకినచోట మెరుపు గీత ఉంది, సొట్ట లేదు. గుండ్లను మాత్రం మార్చేశాను, పొట్లం ఖరీదు కొద్ది రూపాయలే కాబట్టి.

పాలిటెక్నిక్‌లో, ఐటీఐలో చదువుతున్న పిల్లలు ఈ ప్రసంగం వింటుంటే నాదొక మాట. మీ ఊళ్లో చేతక్‌లు బాగుచేసిన పాత మెకానిక్కులు ఇంకా ఉన్నారు. వాళ్ల షెడ్డులో ఏదో డబ్బాలో అరిగిన క్రాస్ ఒకటి తప్పకుండా దొరుకుతుంది. నమస్కారం పెట్టి అడగండి, చూపిస్తారు. దాని మూలల్ని వేలితో తడిమి, ఎంత అరిగితే గేరు జారిందో ఆయన నోటితోనే వినండి. ఆ తర్వాత సైకిల్ షాపుకు వెళ్లి పావు అంగుళం గుండ్లు ఒక పొట్లం కొనుక్కోండి. పని అక్కడినుంచి మొదలుపెట్టవచ్చు.